చిన్న ట్రాక్టరు: మనూర్ రేగడిలో ఎంపిక

చిన్న ట్రాక్టరు అంటే 15 నుంచి 30 హెచ్‌పీ దాకా ఇంజను, టన్నుకు కాస్త అటూ ఇటూ బరువు, పైరు సాళ్ల మధ్య తిరగగలిగేంత ఇరుకైన చక్రాల ఎడం ఉన్న ట్రాక్టరు. షోరూముల్లో 20 హెచ్‌పీ లోపు బండిని మినీ అనీ, ఆపైదాన్ని కాంపాక్ట్ అనీ అంటారు; ఊళ్లో మాత్రం రెండూ చిన్న బండ్లే. సంగారెడ్డి జిల్లా మనూర్ మండలం లాంటి రేగడి సీమలో దీని ఎంపికను చాలామంది ఎకరాల లెక్కతో మొదలుపెడతారు: ఐదెకరాలకు ఇంత, పదెకరాలకు అంత అని. ఆ లెక్క సగమే నిజం. నేల, సాళ్ల దూరం, నీటి వసతి, అన్నదమ్ముల పంపకం, ఊళ్లో కిరాయికి దొరికే బండ్లు, వీటిలో ఏది మారినా నిన్నటిదాకా సరిపోయిన బండి ఇవాళ చాలకపోవచ్చు, లేదా బరువైపోవచ్చు.

నేల, పంట, కమతం

మనూర్ నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లోని మండలం. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్‌లో కలిసింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి కొత్త జిల్లా అయినప్పుడు మనూర్ అందులోకి వచ్చింది. మనూర్‌లోని కొన్ని గ్రామాలతో నాగల్‌గిద్ద మండలం ఏర్పడింది. ఇటు కర్ణాటక, ఇంకాస్త పైకి మహారాష్ట్ర. అందుకే ఇక్కడి సంతలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ మాటలూ వినిపిస్తాయి. ట్రాక్టరు కొనేవాడు నారాయణఖేడ్, జహీరాబాద్‌లతో పాటు బీదర్ ధర కూడా అడిగి వస్తాడు.

నేల ఎక్కువగా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే చెప్పుకు అంటుకుని వదలదు. వానాకాలంలో పత్తి, సోయా, కంది, పెసర, మినుము వేస్తారు. యాసంగిలో శనగ, జొన్న. మంజీర ఒడ్డున, సింగూరు జలాశయం వెనుక నీళ్లు అందే చోట చెరకు, కొంత వరి ఉన్నాయి. సింగూరును 1980ల్లో ప్రధానంగా హైదరాబాద్ తాగునీటి కోసం కట్టారు, నిల్వ దాదాపు 30 టీఎంసీలు. ఆ నీళ్ల అంచున మోటారు పెట్టుకున్న రైతుకూ, దానికి నాలుగు కిలోమీటర్ల అవతల వాననే నమ్ముకున్న రైతుకూ ఒకే బండి సరిపోదు.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో 59.48 లక్షల కమతాలున్నాయి, సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. సగటు అన్న మాట ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. ఆ రెండున్నర ఎకరాలు కూడా ఒకే చోట ఉండవు. ఊరి పక్కన ముప్పావు ఎకరం, వాగు దాటాక ఎకరం, తాత పంచి ఇచ్చిన పొడుగు పట్టీలో ఇంకో ముప్పై గుంటలు. పొడుగైన పట్టీలో పెద్ద ట్రాక్టరు సుఖంగా నడుస్తుంది. నాలుగు వైపులా గెట్లున్న చిన్న చెక్కలో మాత్రం మలుపులకే పొద్దు పోతుంది, మూలలు దున్నకుండా మిగిలిపోతాయి.

చిన్నవి పెద్దవై, మళ్లీ చిన్నవైన కథ

భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టర్లు నేటి కొలతల్లో చిన్నవే. ఐషర్ 1959లో ఫరీదాబాద్‌లో దేశంలో తయారైన మొదటి ట్రాక్టరును బయటకు తెచ్చింది. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన స్వరాజ్ 724ను పంజాబ్ ట్రాక్టర్స్ 1974లో అమ్మకానికి పెట్టింది. దాని శక్తి 26 హెచ్‌పీ చిల్లర. ఇవాళ అయితే దాన్ని కాంపాక్ట్ వరసలో నిలబెట్టేవారు.

తర్వాత బండ్లు పెరుగుతూ పోయాయి. ట్రాలీ నిండా ఇసుకో ఇటుకో పోసి లాగాలి, ఆరడుగుల రోటవేటర్ తిప్పాలి, నూర్పిడి మిషన్ నడపాలి, పదిమందికి కిరాయికి తోలాలి. వీటన్నిటికీ 40 నుంచి 50 హెచ్‌పీ కుదురుగా ఉంటుంది. దేశంలో అమ్ముడుపోయే ట్రాక్టర్లలో పెద్ద వాటా ఇప్పటికీ 41–50 హెచ్‌పీ వర్గానిదే. పెద్ద బండి వాకిట్లో నిలబడితే వచ్చే పరువు సంగతి లెక్కల పుస్తకంలో రాయరు గానీ, పెళ్లి సంబంధాల దగ్గర అందరికీ తెలుసు.

చిన్న బండి మళ్లీ రావడానికి కారణం ఎద్దులు పోవడం. లోదుక్కిని పెద్ద ట్రాక్టరు తీసుకున్నా, పత్తిలో గుంటుక తోలడం, సాళ్ల మధ్య కలుపు తీయడం చాలాకాలం ఎడ్ల చేతిలోనే ఉన్నాయి. ఏడాదిలో కొన్ని వారాల పని కోసం పన్నెండు నెలలు మేత వేయడం భారమయ్యేసరికి ఆ ఖాళీలోకి చిన్న యంత్రం దూరింది. పత్తి, వేరుశనగ ఎక్కువగా పండే సౌరాష్ట్రలో ఇది ముందే జరిగింది. అమ్రేలీ జిల్లాకు చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్ మోటారుసైకిలుకు వెనక రెండు చక్రాలు, గుంటుక బిగించి చేసిన బుల్లెట్ సాంతీ అక్కడి అవసరంలోంచే పుట్టింది. రాజ్‌కోట్ చుట్టూ మినీ ట్రాక్టర్ల తయారీ కూడా ఆ పంటల పుణ్యమే. బెంగళూరు సంస్థ వీఎస్‌టీ పవర్ టిల్లర్లతో మొదలై 18 హెచ్‌పీ చిల్లర ట్రాక్టర్ల దాకా వచ్చింది. జపాన్‌లో చిన్న వరి మళ్ల కోసం పుట్టిన ఈ జాతిని కుబోటా 1969లో 21 హెచ్‌పీ ఎల్200 రూపంలో అమెరికాకు తీసుకెళ్లింది. అక్కడ ఇళ్ల చుట్టూ నాలుగైదు ఎకరాలున్నవాళ్లు గడ్డి కోయడానికీ, మంచు తోయడానికీ కొంటారు. సాలు దూరం వాళ్ల సమస్య కాదు. అందుకే ఆ దేశపు సలహాలు మనూర్‌లో పనికిరావు.

జహీరాబాద్ లైను నుంచి

మనూర్ రైతుకు ఈ విషయంలో ఒక విచిత్రమైన సౌకర్యం ఉంది: బండి తయారయ్యేది తన జిల్లాలోనే. జహీరాబాద్‌లో 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో తేలికపాటి లారీల కర్మాగారం పెట్టింది. 1989లో అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో ఆ సంస్థ అక్కడే ట్రాక్టర్ల కర్మాగారం ప్రారంభించింది. 2022 జూన్ నాటికి దాన్నుంచి మూడు లక్షలకు పైగా ట్రాక్టర్లు బయటికొచ్చాయి.

మహీంద్రా 2015లో జపాన్‌లోని మిత్సుబిషి వ్యవసాయ యంత్రాల సంస్థలో మూడో వంతు వాటా కొన్నది. ఆ పొత్తులో పుట్టిన తేలికపాటి ట్రాక్టర్ల శ్రేణి ఓజా. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో దీన్ని ఆవిష్కరించారు, తయారీ జహీరాబాద్‌లో. మన దేశానికి వచ్చిన మోడళ్లు ఏడు, 20 నుంచి 40 హెచ్‌పీ మధ్య, అన్నీ ఫోర్ వీల్ డ్రైవ్. మోడల్ నంబరులో చివరి రెండంకెలు హెచ్‌పీని చెబుతాయి: 2121 అంటే 21, 2127 అంటే 27, 3140 అంటే 40. విడుదలప్పుడు పుణె షోరూం ధర 2127కు 5.64 లక్షలు, 3140కు 7.35 లక్షల రూపాయలు. ముందుకూ వెనక్కూ గేరు మార్చడానికి విడిగా ఒక చేతి మీట ఉంది. చిన్న చెక్కల్లో పదే పదే మలుపు తిప్పేవాడికి అది తీరిక ఇస్తుంది.

పక్క ఊళ్లో తయారైందని దాన్నే కొనాలని లేదు. అదే సంస్థ జీవో 24 హెచ్‌పీలో 2017 నుంచి ఉంది. 2023లోనే స్వరాజ్ టార్గెట్ 630 వచ్చింది, 29 హెచ్‌పీ. కుబోటా నియోస్టార్ 24, 27 హెచ్‌పీల్లో, జాన్ డియర్ 3028 ఈఎన్ 28 హెచ్‌పీలో దొరుకుతాయి. మరీ కిందికి దిగితే స్వరాజ్ కోడ్, 11 హెచ్‌పీ, 2021 నవంబరులో వచ్చింది. వీటి మధ్య తేల్చేది కంపెనీ పేరు కంటే, బండి ఆగిన రోజు మెకానిక్ ఎంతసేపట్లో పొలం దగ్గరికి వస్తాడన్నది. ఆరుద్ర కార్తెలో బండి మూడు రోజులు షెడ్డులో ఉంటే ఆ ఏటి సాలు పోయినట్టే.

హెచ్‌పీ చెప్పనిది

కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండేది ఇంజను హెచ్‌పీ. రోటవేటర్‌కు చేరేది వెనకున్న పీటీఓ షాఫ్టు హెచ్‌పీ. మాటవరసకు 27 హెచ్‌పీ బండిలో ఆ షాఫ్టు దగ్గర మిగిలేది 22–23. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఆ షాఫ్టుకు నాలుగడుగుల రోటవేటర్ సరిపోతుంది. ఐదడుగులది తగిలిస్తే మెత్తటి చెలకలో లాగుతుంది, రేగడిలో ఇంజను మూలుగుతుంది.

తేడా ఎంతో లెక్క కట్టి చూడొచ్చు. నాలుగడుగుల రోటవేటర్ గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో, మలుపులకూ ఒరుసులకూ ఐదో వంతు పోగా, గంటకు ముప్పావు ఎకరంలోపే చేస్తుంది. ఎకరానికి గంటన్నర. ఆరడుగుల రోటవేటర్‌తో 45–50 హెచ్‌పీ బండి అదే ఎకరాన్ని ముప్పావు గంటలో ముగిస్తుంది. రెండెకరాలున్నవాడికి ఈ తేడా మధ్యాహ్నం భోజనం ఆలస్యం కావడమంత. పన్నెండు ఎకరాలు కౌలుకు పట్టి, వాన పడ్డ మూడు రోజుల్లో విత్తాలనుకునేవాడికి అది పంటే.

లిఫ్టు శక్తి ఇంకో మాట. 24 హెచ్‌పీ బండి 750 కిలోలు ఎత్తుతుంది, ఓజా చిన్న మోడళ్లు 950 ఎత్తుతాయి. ఈ అంకెలు పనిముట్టు బండికి ఆనుకుని ఉన్నప్పటివి. పొడుగాటి పల్టీ నాగలి బరువు వెనక్కి జరిగేకొద్దీ ముందు చక్రాలు తేలిపోతాయి. పైగా చిన్న బండికి లిఫ్టు కమ్ముల మధ్య ఎడం తక్కువ. అన్న దగ్గరున్న కల్టివేటర్ తెచ్చి తగిలిద్దామంటే పిన్నులు అందవు. పనిముట్లన్నీ మళ్లీ కొనాలి. బండి బేరంలో దీన్ని కలిపి మాట్లాడుకోనివాళ్లు తర్వాత లక్షల్లో కాకపోయినా లక్షకు దగ్గరగా ఇంకో ఖర్చు చూస్తారు.

సాలు, చక్రం

మనూర్‌లో చిన్న బండి ఎంపికకు గుండెకాయ ఇదే. హెచ్‌పీకి ముందే తేల్చుకోవాల్సింది.

బండిని చదునైన చోట నిలిపి, వెనక టైరు నడిమి గీత నుంచి రెండో టైరు నడిమి గీత దాకా టేపు పట్టాలి. అదే చక్రాల ఎడం. పత్తిని 90 సెంటీమీటర్ల సాళ్లలో వేస్తే ఆ ఎడం కూడా 90 ఉండాలి. అప్పుడు బండి ఒక సాలును కడుపు కింద పెట్టుకుని, చక్రాలు ఆ సాలుకు అటూ ఇటూ ఉన్న ఖాళీల నడుమ నడుస్తాయి. టైరు వెడల్పు 8.3 అంగుళాలు, అంటే 21 సెంటీమీటర్లు; అది పోగా మొక్కకూ టైరుకూ మధ్య 34 సెంటీమీటర్లు మిగులుతాయి. కొమ్మలు వాలేదాకా ఇది చాలు.

ఇదే 90 ఎడం సోయాకు కూడా కుదరడం అదృష్టం. సోయా సాళ్ల దూరం 45. బండి రెండు సాళ్లను కడుపు కింద పెట్టుకుంటుంది, చక్రాలు తర్వాతి ఖాళీల నడుమ పడతాయి. కానీ ఇక్కడ మొక్కకూ టైరుకూ మధ్య మిగిలేది పన్నెండు సెంటీమీటర్లే. విత్తేటప్పుడు గొర్రు కాస్త వంకర పోయినా కలుపు తీసేటప్పుడు సాలంతా టైరు కిందికి వెళ్తుంది. అందుకే విత్తిన బండితోనే, విత్తిన డ్రైవరుతోనే మూడు వారాల లోపు గుంటుక తోలుకోవాలి. పెద్ద ట్రాక్టరుతో కిరాయికి విత్తించుకుని, చిన్న బండితో కలుపు తీద్దామనుకుంటే సాళ్లకూ చక్రాలకూ పొత్తు కుదరదు. ఈ ఒక్క తప్పు వల్ల కొత్త బండి మొదటి ఏడాది షెడ్డులో ఉండిపోయిన ఇళ్లున్నాయి.

కందిని రేగడిలో 150 నుంచి 180 సెంటీమీటర్ల దూరంలో వేస్తారు. అక్కడ చిన్న బండి సాలు మీదుగా పోనక్కర్లేదు, రెండు సాళ్ల మధ్యకే దిగుతుంది. పెద్ద బండి దిగదు. కంది ఎక్కువగా వేసే ఇంటికి బండి మొత్తం వెడల్పు చూడాలి, చక్రాల ఎడం కాదు. శనగ 30 సెంటీమీటర్లలో వేస్తారు కాబట్టి దానిలోకి ఏ బండీ దిగదు; ఆ పంటకు విత్తడం వరకే ట్రాక్టరు.

ఈ మధ్య పత్తిని దగ్గర దగ్గరగా, 80 సెంటీమీటర్ల సాళ్లలో ఎక్కువ మొక్కలతో వేసే పద్ధతిని వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం ప్రోత్సహిస్తున్నాయి. అందులోకి మారే రైతు చక్రాల ఎడాన్ని పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. చాలా చిన్న బండ్లలో రిమ్మును తిప్పి బిగిస్తే ఎడం మారుతుంది, కొన్నింట్లో మారదు. షోరూంలో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎడం ఎంత నుంచి ఎంత దాకా మారుతుంది? ఈ ప్రశ్నకు సేల్స్ కుర్రాడు హెచ్‌పీ గురించి చెప్పడం మొదలుపెడితే టేపు మీరే తీసుకెళ్లాలి.

పైరు ఎత్తు కూడా గడువు పెడుతుంది. బండి కడుపుకూ నేలకూ మధ్య ఖాళీ 30 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. నలభై, నలభై ఐదు రోజులు దాటిన పత్తి మీదుగా పోతే తలలు విరుగుతాయి. గులాబీ రంగు పురుగుకు మందు కొట్టాల్సిన రోజులు వచ్చేసరికి ఆ సాళ్లలోకి చిన్న బండి కూడా వెళ్లలేదు. వీపు మీది పంపులే దిక్కు. చిన్న ట్రాక్టరు కొంటే కూలీ ఖర్చంతా తప్పుతుందని అనుకునేవారు ఈ గడువును లెక్కలోకి తీసుకోరు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒకే చెలకలో పది, ఇరవై రకాల చిరుధాన్యాలు, పప్పులు కలిపి వేస్తారు. ఆ సేద్యంలో సాలు దూరం పంట పంటకూ మారుతుంది కాబట్టి ఏ చక్రాల ఎడమూ దానికి కుదరదు. అక్కడ ఎడ్లదీ చేతులదీ పని. యంత్రాన్ని కొనడమంటే ఒక రకం పంట వరసను ఒప్పుకోవడం కూడా.

తడి రేగడి

రేగడిలో పని చేయదగ్గ తేమను పదును అంటారు. వాన ఆగిన మర్నాడు అడుగు పెడితే మట్టి టైరు గాళ్లలో నిండి చక్రం నున్నటి గుండ్రాయి అవుతుంది, రోటవేటర్ కత్తుల మధ్య బురద ముద్దలు కట్టి డ్రమ్ములా తిరుగుతుంది. నాలుగైదు రోజులు ఆగితే పైపొర గట్టిపడి పెళ్లలు లేస్తాయి. మధ్యలో దొరికే రెండు మూడు రోజులే పదును. ఆ రెండు మూడు రోజుల్లోనే ఊరంతా ట్రాక్టరు కోసం పరుగెత్తుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న తేలికపాటి బండి ఈ గడువుకు అరపూట, ఒక పూట కలుపుతుంది. ముందు చక్రాలు కూడా లాగడం వల్ల జారడం తగ్గుతుంది. బరువు టన్ను చుట్టూ ఉండడం వల్ల, రెండు టన్నుల పెద్ద బండి చేసినంతగా నేలను అదమదు. టూ వీల్ డ్రైవ్ చిన్న బండి ధర తక్కువే గానీ, రేగడిలో దాని తేలికతనమే దానికి శత్రువు: పట్టు దొరకదు. మెట్ట ఎర్రచెలకలున్న చోట అది నడుస్తుంది. మనూర్‌లో డబ్బు మిగుల్చుకోవాలంటే హెచ్‌పీని తగ్గించుకోవచ్చు, నాలుగు చక్రాల లాగుడును మాత్రం కాదు.

ఎండాకాలపు లోదుక్కి మాత్రం వేరే కథ. నెర్రెలు విచ్చిన రేగడిలో పల్టీ నాగలితో ముప్పై సెంటీమీటర్ల లోతుకు దిగడం చిన్న బండి పని కాదు, చేయిద్దామని చూడకూడదు కూడా. ఆ పని రెండు మూడేళ్లకోసారి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద బండ్లు ఖాళీగానే ఉంటాయి, కిరాయికి తేలిగ్గా దొరుకుతాయి. పదును రోజున ఎవరూ దొరకని పనికి సొంత బండి, ఎప్పుడైనా దొరికే పనికి కిరాయి బండి. ఈ వ్యాసకర్త ఇక్కడి కమతాలకు సరైనదిగా భావించే పద్ధతి ఇదే.

కమతం మారినప్పుడు

పంపకం. తండ్రి పేరున పన్నెండు ఎకరాలు, 45 హెచ్‌పీ బండి ఉన్న ఇంట్లో ముగ్గురు కొడుకులు విడిపడితే తలా నాలుగెకరాలు వస్తాయి. బండి పెద్దవాడికి పోతుంది, దాని బదులు చిన్నవాళ్లకు కొంత డబ్బో, రెండు గుంటలో ఎక్కువ ఇస్తారు. కొత్త గెట్లు లేస్తాయి, పొలం బాట సన్నబడుతుంది. ఆ బాటలో పట్టే బండే నాలుగెకరాల వాడికి పనికొచ్చేది. తమ్ముళ్లిద్దరూ విడివిడిగా చిన్న బండ్లు కొనడం తరచూ కనిపిస్తుంది. లెక్క ప్రకారం అది దండగ. అన్న పెద్ద బండితో దున్ని, తమ్ముళ్లు ఒక చిన్న బండిని కలిసి కొని ముగ్గురి పత్తిలో కలుపు తీస్తే యంత్రాలు రెండే. ఈ పొత్తు కాగితం మీద చక్కగా ఉంటుంది, పదును రోజున ముందెవరి పొలం అన్న దగ్గర తెగుతుంది. వంతు కాగితం ముందే రాసుకున్న ఇళ్లలో కొంతకాలం నిలుస్తుంది.

నీరు. బోరు పడ్డా, సింగూరు వెనుక నీళ్లు అందినా పత్తి పోయి చెరకో వరో వస్తుంది. వరికి కేజ్ వీల్స్ వేసిన తేలికపాటి ఫోర్ వీల్ బండి బాగా పనికొస్తుంది, పెద్దది మడిలో దిగబడుతుంది. చెరకు మొదటి మూడు నెలలు చిన్న బండికి మంచి పని ఇస్తుంది: బోదెలు ఎగదోయడం, కలుపు. కోత కాలానికి వచ్చేసరికి ట్రాలీ నిండా పచ్చి చెరకును ఫ్యాక్టరీ దాకా లాగాలి, అది పెద్ద బండి సంగతి. 27 హెచ్‌పీ బండి ట్రాలీని లాగదని కాదు, దిగువలో ఆపలేదు. వెనకున్న బరువు బండిని ముందుకు నెడుతుంది.

నీటి విషయంలో ఒక హెచ్చరిక. నారాయణఖేడ్, అందోలు ప్రాంతాల్లో 1.65 లక్షల ఎకరాలకు నీరివ్వాలని తలపెట్టిన బసవేశ్వర ఎత్తిపోతల పథకానికి 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగింది. కాలువ తవ్వకం చూసి బండి కొనడం తొందరపాటు. తూము దగ్గరికి నీళ్లు వచ్చాక పంట మారుతుంది, అప్పుడు బండి మార్చుకోవచ్చు. కిస్తీ మాత్రం నీళ్ల కోసం ఆగదు.

కౌలు. ఊరు వదిలి హైదరాబాద్ చేరిన వాళ్ల భూములు కౌలుకు దొరకడం వల్ల నాలుగెకరాల రైతు ఒక్కసారిగా పదిహేనెకరాల సేద్యగాడవుతాడు. చిన్న బండి అప్పుడు రెండో బండిగా మారాలి, అమ్మేయకూడదు. కౌలు ఏ ఏటికి ఆ ఏడే, పెద్ద బండి అప్పు ఐదేళ్లది. అందుకని ఈ దశలో దున్నుడును కిరాయికే వదిలేయడం మంచిదని అనుభవం ఉన్నవాళ్లు అంటారు.

తోట. మామిడి, జామ తోట పెట్టుకునేవారికి సాలు దూరం సమస్య ఉండదు, కొమ్మల ఎత్తు సమస్య. ఎగ్జాస్టు గొట్టం నిలువుగా లేచిన బండి కొమ్మలను కాలుస్తుంది. పక్కకు వంచిన గొట్టం ఉన్నది అడగాలి.

కొనడం, కిరాయి

ట్రాక్టరు ఆయుష్షును ఏడాదికి వెయ్యి గంటల చొప్పున పదేళ్లుగా లెక్కిస్తారు. ఐదెకరాల రైతు దున్నుడు, విత్తుడు, మూడు నాలుగు గుంటుకలు, రెండు పంటలు కలిపినా ఎకరానికి పది పన్నెండు గంటలు, అంటే ఏడాదికి అరవై గంటలకు మించదు. మిగతా తొమ్మిది వందల నలభై గంటలు ఎవరి పొలంలో తిరుగుతాయన్నదే అసలు ప్రశ్న. పెద్ద బండికి కిరాయి పని నూరు రకాలు. చిన్న బండికి గుంటుక, మందు కొట్టడం, తోటల్లో దున్నుడు. ఊళ్లో రెండో చిన్న బండి వచ్చిన రోజున మొదటిదాని కిరాయి సగమవుతుంది. తొమ్మిదో వాడిగా కొనేవాడు తన పొలం కోసమే కొంటున్నానని తెలిసి కొనాలి. చిన్న బండికి డీజిలు గంటకు రెండు మూడు లీటర్లలో పోతుంది, పెద్ద బండి రోటవేటర్ మీద దానికి రెట్టింపు దాకా తాగుతుంది.

ధర విషయంలో 2025 సెప్టెంబరు 22 తర్వాత కొంత ఊరట: ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు. అయినా ఫోర్ వీల్ కాంపాక్ట్ ధరకు కాస్త కలిపితే టూ వీల్ డ్రైవ్ 40 హెచ్‌పీ వస్తుందన్న పోలిక షోరూంలో ప్రతి ఒక్కరినీ తడబెడుతుంది. కొడుకు కాంపాక్ట్ అంటాడు, తండ్రి 40 హెచ్‌పీ అంటాడు. సాళ్లలోకి దిగే పని లేకపోతే తండ్రి చెప్పిందే నయం.

కేంద్రం 2014–15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ధరలో 50 శాతం దాకా, ఇతరులకు 40 శాతం దాకా పరిమితికి లోబడి రాయితీ ఉంది; రాష్ట్రంలో యంత్రలక్ష్మి పేరుతో కూడా రాయితీలు ఇచ్చారు. మండలానికి వచ్చే యూనిట్లు ఏటా మారతాయి. రాయితీ జాబితాలో ఉన్న మోడల్ మీ సాళ్లకు కుదరకపోతే ఆ రాయితీ ఖరీదైనదే.

నడిపేటప్పుడు

ఇరుకు చక్రాల ఎడం సాళ్లలో వరం, గెట్టు మీద ప్రమాదం. వెడల్పు తక్కువైన బండి ఒక చక్రం ఒడ్డెక్కితే తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది. ఒడ్డును ఏటవాలుగా కాక నేరుగా దాటాలి, పనిముట్టు దించుకుని దాటాలి. పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగును, గ్రీసు పెట్టడానికి అడ్డమొస్తుందని, చాలామంది మొదటి వారంలోనే తీసి మూలన పడేస్తారు. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఇనుముకు పంచె కుచ్చో చీర కొంగో తగిలితే చెయ్యి తీసుకునే వ్యవధి ఉండదు.

పాత బండి

పంట మారి, పొలం పంచుకుని బండి మార్చేవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ పాత చిన్న బండ్లు సంతకు వస్తున్నాయి. బీదర్ వైపు నుంచి వచ్చే కర్ణాటక నంబరు బండికి అక్కడి రవాణా కార్యాలయం నిరభ్యంతర పత్రం, ఫైనాన్స్ కంపెనీ అప్పు తీరినట్టు కాగితం రెండూ చేతికి వచ్చాకే బయానా ఇవ్వాలి. గంటల మీటరును నమ్మలేం. క్లచ్చి పెడల్, బ్రేకు పెడల్ రబ్బర్ల అరుగుదలను నమ్మవచ్చు. ఫోర్ వీల్ బండి అయితే ముందు యాక్సిల్ రెండు చివర్లా చక్రం లోపలి వైపు వేలు పెట్టి చూడాలి. అక్కడ నూనె తడి మీద మట్టి పొరలు కట్టి ఉంటే సీళ్లు పోయినట్టు. వరి మడిలో కేజ్ వీల్స్‌తో ఎక్కువ తిరిగిన బండికి ముందుగా పోయేవి అవే. నూనె కారిన దారిలోనే నీరు లోపలికి దిగి ఉంటే పళ్ల చక్రాలు తుప్పు పట్టి ఉంటాయి. నూనె బోల్టు కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు అరచేతిలోకి పట్టి చూడాలి. తెల్లగా మజ్జిగలా వస్తే ఆ బండి బేరం అక్కడితో ఆపేయడం మంచిది.